మాట తెలియని దేశంలో మనిషి

వెల్డింగ్ పరీక్షల్లో 6జీ అని ఒకటుంది. పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. దాన్ని తిప్పుకోవడానికి లేదు. వెల్డరే వంగి, ఒరిగి, అవసరమైతే వెల్లకిలా పడుకుని చుట్టూ అతుకు వెయ్యాలి. తర్వాత ఆ అతుకుకు ఎక్స్‌రే తీస్తారు. లోపల గాలిబుడగ మిగిలిందా, పగులు పడిందా, లోహం అడుగుదాకా కరిగి కలిసిందా అన్నదే చూస్తారు. అతుకు వేసినవాడి మాతృభాష ఏమిటో ఆ ఫిల్మ్‌లో కనపడదు. ఈ పరీక్ష నెగ్గితే గల్ఫ్‌లోనైనా సింగపూర్‌లోనైనా పని దొరుకుతుందని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పదో తరగతి చదివే కుర్రాడికి కూడా తెలుసు.

ఆ నమ్మకం ఉత్తదేమీ కాదు. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం వైపు నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, పరంజా కట్టేవాళ్ళు ఏళ్ళుగా విదేశాలకు వెళ్తూనే ఉన్నారు. కొబ్బరి, జీడి తోటలతో పచ్చగా ఉండే ఆ నేలను 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఊడ్చిపెట్టింది. కొత్తగా నాటిన కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది; అప్పు అన్నాళ్ళు ఆగదు. ఆ ప్రాంతంలో వ్యాపించిన కిడ్నీ జబ్బు పట్టిన ఇళ్ళలో వైద్యం ఖర్చు దానికి తోడు. ఇక శ్రీకాకుళం తీరంలోని మత్స్యకారులు, విజయనగరం జిల్లా పూసపాటిరేగ, భోగాపురం మండలాల మత్స్యకారులు బోట్లు నిలిపే సరైన జెట్టీలు లేని తమ తీరాన్ని వదిలి గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోతారు. అరబ్బీ రాదు, మలయ్ రాదు, గుజరాతీ రాదు. వెళ్ళేనాటికి చాలామందికి హిందీ కూడా అంతంతమాత్రం. అయినా పని చేస్తారు, డబ్బు పంపుతారు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేస్తారు, ఇళ్ళు కడతారు.

మరి భాష లేని చోట మనిషిలో ఏది సాగుతుంది, ఏది ఆగిపోతుంది? ఈ ప్రశ్న ఉపాధి శాఖకు చెందినదిగా కనపడుతుంది గానీ నిజానికి ఇది ధర్మానికి సంబంధించినది. మన తత్వవేత్తలు దీని చుట్టూ చాలా కాలం తిరిగారు.

భాష రానివాడికి భాష ఎలా వస్తుందన్న దాన్ని అందరికంటే పట్టుదలగా చర్చించినవాళ్ళు వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులు. వాళ్ళ ఉదాహరణ ఇది. ఒక పెద్దమనిషి మరొకరితో ఆవును తీసుకురమ్మంటాడు. రెండో మనిషి వెళ్ళి ఒక జంతువును తోలుకొస్తాడు. పక్కన నిలబడ్డ పిల్లవాడికి ఆ మాటలేవీ తెలియవు. మాట వినపడుతుంది, పని కనపడుతుంది. కాసేపటికి ఆవును కట్టెయ్యమంటాడు, తర్వాత గుర్రాన్ని తీసుకురమ్మంటాడు. ఏ మాట మారితే ఏ పని మారుతోందో గమనిస్తూ పిల్లవాడు ఒక్కో పదాన్నీ విడదీసుకుంటాడు. దీనికి వృద్ధవ్యవహారం అని పేరు. వాళ్ళలో ప్రభాకరుడు అనే ఆయన ఇంకొక అడుగు ముందుకు వేశాడు. మాట అర్థం, చేయవలసిన పనితో ముడిపడే మనకు తెలుస్తుందని, భాష నేర్చుకోవడానికి ఆజ్ఞే మూలమని వాదించాడు.

సౌదీలో ఒక రిఫైనరీ పనిలో కొత్తగా దిగిన కవిటి కుర్రాణ్ణి ఊహించుకుంటే ప్రభాకరుడు ఎంత దగ్గరగా చూశాడో తెలుస్తుంది. ఫోర్‌మన్ ఏదో అరుస్తాడు, పక్కనున్న నేపాలీ స్పానర్ అందిస్తాడు. మళ్ళీ ఏదో అరుస్తాడు, పక్కవాడు తాడు వదులుతాడు. నెల తిరిగేసరికి కుర్రాడికి సైటు భాష వచ్చేస్తుంది. అది అచ్చంగా అరబ్బీ కాదు. చాలా చోట్ల హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు, అరబ్బీ ముక్కలు కలిసిన భాష. పని నడవడానికి అది చాలు.

బాధ కూడా అక్కడే ఉంది. అలా వచ్చిన భాషలో తీసుకురా, ఎత్తు, ఆపు, దించు, తొందరగా అన్నవే ఉంటాయి. అన్నీ అతనికి ఇతరులు చెప్పే మాటలు. అతను ఇతరులకు చెప్పవలసినవి అందులో ఉండవు. తల తిరుగుతోంది, ఈ తాడు బరువు ఆపేలా లేదు, పోయిన నెల ఓవర్‌టైమ్ ఎందుకు కోశారు, పాస్‌పోర్టు నా దగ్గరే ఉండాలి కదా. ఈ మాటలను సైటులో ఎవరూ ఆజ్ఞగా ఇవ్వరు కాబట్టి అవి అతని చెవిన పడవు. రెండేళ్ళు పనిచేసి, పదిమందిని నడిపించే స్థాయికి వచ్చిన పనివాడు కూడా ఆసుపత్రిలోనో ఠాణాలోనో నిలబడినప్పుడు నోరు పెగలక నిలిచిపోవడానికి కారణం తెలివితక్కువతనం కాదు. అతనికి అందిన భాష వినడానికి మాత్రమే తయారైంది.

వేదాంతులు ప్రభాకరుడితో ఏకీభవించలేదు. వాళ్ళు చూపిన ఉదాహరణలో ఆజ్ఞ లేదు. ఒకడు వచ్చి నీకు కొడుకు పుట్టాడని చెబుతాడు. విన్నవాడి మొహం వెలిగిపోతుంది. ఆ వెలుగు చూసిన మూడోవాడికి, సంగతి తెలిసినవాడైతే, ఆ మాటకు అర్థం బోధపడుతుంది. పని ఏమీ జరగలేదు, అయినా భాష తెలిసింది. లేబర్ క్యాంపు గదుల్లో జరిగేది ఇదే. ఒకే గదిలో పైన ఒకరు కింద ఒకరుగా మంచాలు. బిహారీ, బంగ్లాదేశీ, నేపాలీ, శ్రీకాకుళం మనిషి. ఇంటి నుంచి ఫోను వస్తుంది. ఒకరి మొహం వెలుగుతుంది, మరొకరిది వాడిపోతుంది. అమ్మ, బిడ్డ, అప్పు, జ్వరం, వాన, పండగ లాంటి మాటలు సైటులో కాక ఆ గదిలో ఒకరి నుంచి ఒకరికి చేరతాయి. ఈ వాదంలో వేదాంతులదే పైచేయి అని ఒప్పుకోక తప్పదు. కూలివాడిని కూలివాడిగా నిలబెట్టడానికి ఆజ్ఞల భాష సరిపోతుంది. మనిషిగా నిలబెట్టడానికి ఈ రెండో భాష కావాలి. అది ఎదుటివాడి మొహం చూసే తీరిక, ఇష్టం ఉన్నవాళ్ళ మధ్యనే పుడుతుంది.

అది పుట్టనప్పుడు ఏమవుతుందో చెప్పడానికి ఉత్తరాంధ్రకు తన చరిత్రే ఉంది. ఇక్కడివాళ్ళు రంగూన్‌ను రంగం అనేవారు. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి బర్మాకు ఓడలు నడిచేవి. సముద్రం దాటితే ఆచారం చెడుతుందని శాస్త్రాలు రాసినవాళ్ళు ఆ ఓడలెక్కే కూలీల ఆకలి గురించి ఆలోచించి రాసి ఉండరు. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో బస్తాలు మోసింది, రిక్షాలు లాగింది ఎక్కువగా వీళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే ఉన్నారు.

బర్మీస్ మాట తెలియకపోయినా వాళ్ళకు పని దొరికింది, కారణం మేస్త్రీ. ఊళ్ళో బయానా ఇచ్చి మనుషుల్ని కూడగట్టేది అతనే, ఓడెక్కించేది అతనే, కంపెనీతో మాట్లాడేది అతనే, కంపెనీ ఇచ్చిన కూలి పుచ్చుకుని తన వాటా మినహాయించి పంచేది అతనే. కూలీకి బయటి భాష రాకపోవడమే మేస్త్రీకి పెట్టుబడి. కూలీ నోరు విప్పగలిగిన రోజున మధ్యలో అతని అవసరం ఉండదు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల సరుకు దించే కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకున్నాయి. సమ్మె పరిష్కారమై తెలుగువాళ్ళు మళ్ళీ పనిలోకి వచ్చారు. మే 26 ఉదయం బర్మీయ కూలీలు రేవుకొచ్చి చూస్తే తమకు పని లేదు. ఎగతాళితో మొదలైన గొడవ కొట్లాట అయింది, కొట్లాట ఊరంతా పాకింది. వంద మందికి పైగా చనిపోయారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది భారతీయ కూలీలే. రెండు వైపులా ఉన్నది ఒకే ఆకలి. ఆ ఆకలి గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకునే భాష మాత్రం వాళ్ళ దగ్గర లేదు. వాళ్ళ మధ్య మాట్లాడిందంతా మేస్త్రీలు, కంపెనీ గుమస్తాలే. ఒకే రేవులో బస్తాలు మోసినా ఆ రెండు జట్లకీ ఆజ్ఞల భాష తప్ప మరొకటి అందలేదు.

తర్వాతి కథ తెలిసిందే. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చాక మిగిలినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చారు. ఉత్తరాంధ్రలో బర్మా కాలనీ అనే పేరు వినపడితే అది వాళ్ళదే.

పరాయి నేల మీద ప్రార్థన సంగతి మాత్రం వేరు; దానికి భాష అడ్డం కాలేదు. ఒప్పంద కూలీలుగా మారిషస్ చెరకు తోటలకు వెళ్ళిన తెలుగువాళ్ళు తమతో తీసుకెళ్ళినవాటిలో ఇప్పటికీ నిలిచింది సింహాచలం దేవుడు సింహాద్రి అప్పన్న. 1843లో కోరంగి ప్యాకెట్ అనే ఓడ తెలుగు కూలీలతో ఆ దీవికి చేరింది. తరాలు గడిచాయి, ఇంట్లో మాట క్రియోల్ అయింది. అయినా అక్కడి తెలుగు కుటుంబాలు సింహాద్రి అప్పన్న పూజ చేస్తాయి, అమ్మోరు పండుగ చేస్తాయి, నిలువెత్తు దీపం చుట్టూ తిరుగుతూ రామభజన పాడతాయి. ఉగాది ఆ దేశంలో సెలవు రోజు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. సింహాచలం దేవుడు, తెలుగు మాట్లాడలేని భక్తులకు హిందూ మహాసముద్రం మధ్యలో ఇలవేల్పు అయ్యాడు.

అర్థం తెలియని ప్రార్థన ప్రార్థనేనా అని అడగవచ్చు. ఈ ప్రశ్న కూడా చాలా పాతది. కౌత్సుడనే ఆయన వేదమంత్రాలకు అర్థమే లేదని వాదిస్తే, ఎదుటి స్తంభం గుడ్డివాడికి కనపడకపోతే అది స్తంభం తప్పు కాదని యాస్కుడు నిరుక్తంలో బదులిచ్చాడు. పండితులుగా ఇద్దరూ గట్టివాళ్ళే. కానీ మారిషస్‌లో భజన చేస్తున్న ముసలమ్మకు ఈ తగవుతో పనిలేదు. పాట ఎవరి వైపు తిరిగి పాడుతోందో ఆమెకు తెలుసు, తన అమ్మమ్మ ఆ పాటే పాడిందని తెలుసు. భక్తికి అంతకుమించిన వ్యాకరణం ఉండాలని ఏ దేవుడూ పట్టుబట్టలేదు.

పనిలాగే మొక్కు కూడా భాష లేకుండా సాగుతుంది. న్యాయం సాగదు.

2018 నవంబర్‌లో వెరావల్ నుంచి వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను సముద్ర సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది ఏడాదికి పైగా జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. నీళ్ళ మీద గీత ఉండదు. తాము దొంగలం కాదని, చేప వెంట వెళ్ళామని చెప్పుకోవడానికి తమది కాని భాష కావలసి వచ్చింది. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాతో ఈ సంగతి ఊరూరా తెలిసింది గానీ, అదే తీరం నుంచి జనం ఇంకా వెరావల్ వెళ్తూనే ఉన్నారు.

న్యాయం సంగతికొస్తే, కూలీకి ఇచ్చిన మాట గురించి మతాలు ఆశ్చర్యంగా ఒకే గొంతుతో మాట్లాడతాయి. బైబిల్‌లోని ద్వితీయోపదేశకాండం కూలివాడు పరదేశి అయినా సరే పొద్దు కుంకేలోగా కూలి ఇవ్వమంటుంది. ఇవ్వకపోతే అతను దేవుడికి మొరపెట్టుకుంటాడని హెచ్చరిస్తుంది. చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్నది ప్రవక్త బోధగా ముస్లింలు చెప్పుకుంటారు. కౌటిల్యుడి అర్థశాస్త్రం మరింత వ్యవహారంగా ఆలోచించింది. కూలీకీ పెట్టుకున్నవాడికీ మధ్య కుదిరిన ఒప్పందం ఇరుగుపొరుగుకు తెలిసి ఉండాలని చెప్పింది. మొదటి రెండూ యజమాని మనస్సాక్షిని నమ్ముకున్నాయి. కౌటిల్యుడు సాక్షుల్ని నమ్ముకున్నాడు. ఈ రోజుల్లో పరదేశం వెళ్ళే పనివాడికి అక్కరకొచ్చేది ఈ మూడో మాటే. ఎందుకంటే కంచిలి మనిషి ఒప్పందం ఇరుగుపొరుగెవరికీ తెలియదు. చాలాసార్లు సంతకం పెట్టిన మనిషికే తెలియదు.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వం 2016 జనవరి నుంచి ఒక మంచి పని మొదలుపెట్టింది. ఉద్యోగ ప్రతిపాదన పత్రం పనివాడికి తెలిసిన భాషలో ఉండాలంది. అందుకు మొదట ఎంచిన 11 భాషల్లో హిందీ, మలయాళం, తమిళం, ఉర్దూ, బెంగాలీ, నేపాలీ, సింహళం ఉన్నాయి. తెలుగు లేదు. ఎడారిలో తెలుగు చేతులు కట్టినవి ఎన్ని ఉన్నాయో చూస్తే ఈ లోటు గుచ్చుకుంటుంది. అందుకు ఆ దేశాన్ని తప్పుపట్టేముందు, ఆ జాబితాలోకి మన భాషను చేర్చమని మనవాళ్ళు ఎంత గట్టిగా అడిగారన్నది చూడాలి.

2024 మే నెలలో బయటపడిన కంబోడియా ఉదంతం భాష రాకపోవడం గురించిన ప్రశ్నను తలకిందులు చేసింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి విశాఖ, శ్రీకాకుళం వైపు కుర్రాళ్ళను ఏజెంట్లు తీసుకెళ్ళారు. అక్కడ వాళ్ళను కాంపౌండ్లలో బంధించి భారతీయులకు ఫోన్లు చేసి మోసం చేసే పనికి పెట్టారు. సిహనూక్‌విల్‌లో వందల మంది భారతీయులు తిరగబడ్డాక కొందరు బయటపడ్డారు. విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. ఆ కుర్రాళ్ళకు ఖ్మేర్ రాకపోవడం ముఠాకు అడ్డంకి కాలేదు, ఇంకా సౌకర్యమైంది. గోడ బయటి మనిషితో మాట్లాడలేని ఖైదీ తేలిగ్గా పారిపోలేడు. ముఠాకు కావలసింది ఆ కుర్రాళ్ళ ఇంటి భాషే. ఇక్కడున్న ఒక పెన్షనరును నమ్మించాలంటే అతని భాష తెలిసిన గొంతు కావాలి. అమ్మతో మాట్లాడే మాటలతోనే ఇంకొకరి అమ్మను దోచమన్నారు.

బెదిరించి చేయించిన మోసానికి పాపం ఎవరిది? బలవంతాన ఇప్పించినది, రాయించినది, చేయించినది చెయ్యనట్టే లెక్క అని మనుస్మృతి ఒకచోట అంటుంది. ఆ గ్రంథంలో ఒప్పుకోలేనివి ఎన్నో ఉన్నా ఈ మాట ఒప్పుకోదగ్గది. తిరిగొచ్చిన కుర్రాణ్ణి నేరస్తుడిగా చూడటం అన్యాయం. అయితే అతను మోసగించిన ముసలాయనకు పోయిన డబ్బు కూడా నిజమే, దాన్ని మరిచి క్షమ గురించి మాట్లాడటమూ సరికాదు. భారం అతన్ని పంపినవాడిది, కొనుక్కున్నవాడిది.

ఇంతకీ ఎవరు ఎవరి భాష నేర్చుకోవాలి? వెళ్ళినవాడే నేర్చుకోవాలన్నది లోకంలో చెలామణి అయ్యే జవాబు. శ్రీకాకుళం నేల మీద పుట్టిన ఒక మనిషి దీనికి వేరే జవాబు బతికి చూపించాడు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు కొండల మీది సవరల భాష నేర్చుకున్నాడు. అది బళ్ళో చెప్పే భాష కాదు, పుస్తకాలున్న భాషా కాదు. సవరలు వచ్చి తెలుగు నేర్చుకుంటే తప్ప వాళ్ళ మాట వినేది లేదనే రోజుల్లో ఆయన వాళ్ళను ఇంట పెట్టుకుని వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాడు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పాఠాలు తయారుచేశాడు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి మింగిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నాడు. సవర భాషా వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఏటా ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకునే మనం ఆయన జీవితంలోని ఈ సగాన్ని అంతగా తలుచుకోం.

చదువూ పదవీ ఉన్నవాడే అవి లేనివాడి భాష వైపు నడవాలన్నది ఆయన ఆచరణ చెప్పిన ధర్మం. పనిలో పెట్టుకున్న కంపెనీకి దుబాసీని పెట్టుకునే స్తోమత ఉంది. ఏజెంటుకు కట్టడానికి బంగారం కుదువపెట్టి వచ్చినవాడికి ఆరు నెలలు అరబ్బీ నేర్చుకునే స్తోమత లేదు. కాబట్టి ఒప్పందం, ప్రమాద హెచ్చరిక, ఆసుపత్రిలో ప్రశ్న, కోర్టులో వాంగ్మూలం, ఈ నాలుగూ పనివాడి భాషలో ఉండాలనడం దయ కోరడం కాదు. అదే లెక్క మనకూ వర్తిస్తుంది. ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరాల్లో కట్టే అపార్ట్‌మెంట్లలో ఒడియా, బెంగాలీ, హిందీ కూలీలు పనిచేస్తున్నారు. వాళ్ళకు కూలి లెక్క ఏ భాషలో చెబుతున్నామో గమనించాలి.

ఇక బయటికి వెళ్ళే మనవాళ్ళ కోసం 1983 వలస చట్టం కింద నేటికీ ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి ఉన్నాడు. పదో తరగతి పాస్ కాని వాళ్ళు గల్ఫ్, మలేసియా, థాయిలాండ్ వంటి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ఆ కార్యాలయం అనుమతి కావాలి. కంబోడియా ఆ జాబితాలో లేదు, సింగపూర్ లేదు. పది పాసైనవాడికి సాధారణంగా ఏ దేశానికీ ఈ తనిఖీ లేదు. అంటే చట్టం వదిలేసిన చోట కాపలా కాయవలసింది ఊరే. బయల్దేరేముందు ఒప్పంద పత్రాన్ని తెలుగులో రాయించి, ఇంట్లోవాళ్ళ ముందు పైకి చదివించుకోండి. ఒక నకలు ఇంట్లో ఉంచండి, ఒకటి ఊళ్ళో నమ్మకమైన చదువుకున్న మనిషి దగ్గర ఉంచండి. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. టూరిస్టు వీసా మీద ఉద్యోగమంటే నమ్మకండి. ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఎంత ఇచ్చినా రసీదు అడగండి, అంతకంటే ఎక్కువ అడిగితే పోలీసులకు ఫిర్యాదు చెయ్యండి.